కాజా పెట్టి కుట్టిన కవరు

మా ఇంట్లో కవరు లేని వస్తువు ఉండదు. ఫ్రిజ్ మీద జేబుల కవరు, వాషింగ్ మెషీన్‌కి జిప్పు కవరు, మిక్సీకి కుచ్చిళ్ళ కవరు, టీవీ రిమోట్‌కి సైతం ప్లాస్టిక్ తొడుగు. పటమటలో మేముండే వాటా రోడ్డు పక్కనే. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో ముగ్గు వెయ్యొచ్చు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని చీరలకు ఫాల్స్, జాకెట్లు కుట్టే మనిషిని కాబట్టి ముక్కగుడ్డలకు కొదవ లేదు. కొత్త వస్తువు గుమ్మం దాటి వచ్చిందంటే ముందు టేపు తీసి కొలతలు చూడటం నా అలవాటు. మా అమ్మాయి దీన్ని జబ్బంటుంది. అననీ. ఎప్పుడో కొన్న మిక్సీ ఇంకా కొత్తదానిలా ఉందంటే ఊరికే ఉందా?

అందుకని, గేమింగ్ కంప్యూటర్ మా ఇంటికొచ్చిన రోజున కూడా నేను టేపే తీశాను.

అది మా ఇంటికి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా ఆయన చేపల లారీ డ్రైవరు. మాది బందరు అవతల సముద్రం పక్క ఊరు. ఇటు మా పుట్టింటివాళ్ళు, అటు అత్తింటివాళ్ళు వల మీదా చేపల గంప మీదా బతికినవాళ్ళే. ఆయన మాత్రం చిన్నప్పుడే నీళ్ళు వదిలేసి స్టీరింగు పట్టుకున్నాడు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల దగ్గర చేపల్ని ఐసులో పేర్చి ఎక్కిస్తే, హౌరా దాకా తీసుకెళ్ళి దింపి రావడం ఆయన పని. చేపల లోడు ఆగదు. ఈ మాట పెళ్ళయిన కొత్తలో విన్నాను, ఆ తర్వాత వింటూనే ఉన్నాను. ఐసు కరిగితే సరుకు పోతుంది, సరుకు పోతే పేరు పోతుంది. మా అమ్మాయి పుట్టినప్పుడు ఆయన ఒరిస్సాలో ఎక్కడో ఉన్నాడు. మా అమ్మ పోయినప్పుడు ఫోన్ చేస్తే, "లోడు మీదున్నానే," అన్నాడు. ఆగమని నేనూ అడగలేదు. ఆగని మనిషిని అడిగి లాభమేముంది?

అలాంటి మనిషి ఒక ఎండాకాలం ఖాళీ ట్రేలతో తిరిగొస్తూ తుని దాటాక స్టీరింగు మీదకి ఒరిగిపోయాడు. కళ్ళ ముందు ఒక్కసారిగా నల్లగా అయిపోయిందట. బ్రేకు ఎలా తొక్కాడో, బండిని పక్కకి ఎలా తీశాడో ఆయనకే తెలియదు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు, వాటితో పాటు మాట కూడా పోయాయి. మాట కొద్దికొద్దిగా తిరిగొచ్చింది గానీ, గిన్నె అనబోయి గేటు అంటాడు, నన్ను పిలవబోయి అమ్మాయిని పిలుస్తాడు. "మాటలెక్కడికీ పోలేదమ్మా, లోపలే ఉన్నాయి. బయటికి రావడానికే దారి దొరకట్లేదు," అన్నారు డాక్టరు గారు. చెప్పి ఆయన వెళ్ళిపోయారు. ఆ దారి వెతికే పని నా నెత్తిన పడింది.

నిజం చెప్పొద్దూ, నేను అలిసిపోయాను. మనిషిని లేపడం, కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, అన్నం కలిపి ఎడమ చేతికి స్పూను ఇవ్వడం, మధ్యలో ఎవరో వచ్చి "అక్కా, సాయంత్రానికి ఫాల్ కావాలి" అంటే సూదిలోకి దారం ఎక్కించడం. దారం ఎక్కకపోతే సూది మీద అరిచేదాన్ని. మనిషి మీద అరవలేం కదా. అలా అని ఎప్పుడూ అరవలేదని కాదు.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చేతిలో రబ్బరు బంతి పెట్టి నొక్కమనేది. ఆయన ఎడమ చేత్తో తీసి మంచం కిందకి విసిరేసేవాడు. నేను వంగి తీసేదాన్ని. "ఆయనకిష్టమైన పని ఏదైనా చేయించండమ్మా, చెయ్యి దానంతటదే కదులుతుంది," అంది ఒకరోజు. ఆయనకిష్టమైన పని ఒక్కటే. దాన్ని ఇక జన్మలో చెయ్యకూడదని అప్పటికే చెప్పేశారు. ఆయన గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

మా అమ్మాయి ఊళ్ళోనే ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేస్తుంది. అక్కడ తన కోసం కొత్త కంప్యూటర్ పెట్టారట. పాతది, ఒక్కో భాగం ఏరి కొనుక్కుని తనే కూర్చుకున్నది, ఆటోలో వేసుకుని తెచ్చేసింది. దాంతో పాటు బల్లకి బిగించే స్టీరింగు ఒకటి, కాళ్ళ కింద పెట్టే పెడల్స్ ఒక జత.

"నాన్న లారీ నడుపుతాడు," అంది.

"నీకేమన్నా మతి పోయిందా? ఆయన గ్లాసు పట్టుకోలేకపోతున్నాడు," అన్నాను.

"గ్లాసంటే ఇష్టం లేదమ్మా. లారీ అంటే ఉంది."

ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, కంప్యూటర్ పెట్టెకి పక్కనున్న గాజు పలక మరలు విప్పి తీసింది. ఏది ఏంటో తెలియని బండిని నాన్న ముట్టుకోడని దానికి తెలుసు.

"ఇది మదర్‌బోర్డు నాన్నా. అన్నిటినీ దీనికే బిగించాలి. ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి ఏది పోవాలన్నా దీని మీద నుంచే పోవాలి."

ఆయన చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. "ఛా... ఛాసిస్."

అమ్మాయి, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. బతిమాలకుండా, అందించకుండా ఆయన నోట ఒక సరైన మాట వచ్చి ఎన్ని నెలలైందో.

"కరెక్ట్ నాన్నా, ఛాసిసే. ఇదుగో, ఈ ఫ్యాను కింద ఉన్నది ప్రాసెసర్. లెక్కలన్నీ చేసేది ఇదే. మెదడు అంటారు."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇంజను."

"సరే, ఇంజను. అడుగున ఉన్న ఈ డబ్బా ఎస్సెంపీఎస్. గోడలోంచి వచ్చే కరెంటుని దేనికెంత కావాలో అంత పంచిపెడుతుంది."

"డీజిల్ ట్యాంకు," అన్నాను నేను, మధ్యలో దూరి.

ఆయన నన్ను జాలిగా చూశాడు. "బ్యాట్రీ," అన్నాడు.

"ఇది గ్రాఫిక్స్ కార్డు," అంటూ అమ్మాయి ఇటుక అంత బరువున్న పలకని వేలితో తట్టింది. "మామూలు కంప్యూటర్‌కీ, ఆటలాడే కంప్యూటర్‌కీ తేడా ఇదే నాన్నా. రోడ్డు, చెట్లు, వాన, ఎదురొచ్చే బండి, తెర మీద కనపడేదంతా అప్పటికప్పుడు గీసేది ఇదే."

ఆయన ఎడమ చెయ్యి ముందుకి చాపి, ఎదురుగా ఏదో ఉన్నట్టు నిమిరాడు. "అద్దం," అన్నాడు. లారీ ముందద్దం. అందులోంచే గదా ఆయన లోకాన్ని చూసింది.

ర్యామ్‌కీ, ఎస్సెస్‌డీకీ తేడా మాత్రం ఆయనకి ఎక్కలేదు. నాకు ఎక్కింది. దాచిపెట్టేది ఎస్సెస్‌డీ అట, ఇప్పుడు పనిలో ఉన్నదాన్ని చేతికందేలా పరిచిపెట్టుకునేది ర్యామ్ అట. అంటే ఎస్సెస్‌డీ నా బీరువా, ర్యామ్ నా మిషను బల్ల. బీరువాలో ఎన్ని చీరలున్నా, బల్ల మీదకి తీసిన చీరనే నేను కుట్టగలను. కరెంటు పోతే బల్ల ఖాళీ అవుతుంది గానీ బీరువాలో చీర బీరువాలోనే ఉంటుంది. ఇది అర్థమయ్యాక నేను ఆయన వంక చూశాను. డాక్టరు గారు చెప్పింది ఇదే కాబోలు. మాటలు బీరువాలో ఉన్నాయి, బల్ల మీదకి రావట్లేదు. అంత మంచి డాక్టరు, ఇలా చెప్పొచ్చు గదా!

తర్వాత ముందువైపు ఫ్యాన్లని, వెనక ఫ్యానని అమ్మాయి ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నేను వినలేదు. అప్పటికే టేపు పెట్టి ఆ పెట్టె ఎత్తు కొలుస్తున్నాను.

ఆ వారం మా ఇంట్లో లారీ తిరిగింది. ముందు వచ్చిన ఆటలో ఏ దేశం రోడ్లో, కుడి వైపున పోవాలి. "రాంగు సైడు," అని ఆయన ముట్టుకోలేదు. అమ్మాయి ఏవో తంటాలు పడి మన రోడ్లు, మన లారీ తెచ్చి పెట్టింది. అప్పుడు కూర్చున్నాడు. మొదట ఎడమ చేత్తో ఒక్కటే తిప్పాడు. మలుపు దగ్గర చాలక కుడి చెయ్యి కూడా లేచి స్టీరింగు మీద వాలింది. నేను చూస్తూనే ఉన్నాను, ఎవరూ ఎత్తి పెట్టలేదు. కుడి పాదం పెడల్ మీద చెప్పు జారినట్టు జారేది, మళ్ళీ పెట్టేవాడు. ఆటలో ఇనుమో సిమెంటో ఏ లోడు వేసినా ఆయనకి మాత్రం అది చేపల లోడే. "ఐసు... ఐసు," అంటూ ఎదురు బండ్ల మీద హారన్ కొట్టేవాడు. తెర మీద ఏ ఊరున్నా అన్నవరం అనేవాడు, టెక్కలి అనేవాడు, ఇచ్ఛాపురం అనేవాడు. ఒక్క ఊరి పేరూ తప్పు పోయేది కాదు. ఆయన అటు నడుపుతుంటే నేను ఇటు జాకెట్లు కుట్టుకునేదాన్ని. ఇన్ని నెలల్లో నాకు ఆ కాసేపే కాస్త ఊపిరాడింది.

ఆ సంతోషంలోనే కవరు కుట్టాను. మంగళగిరి చీర ఒకటి, మాగాయ మరక పడి పక్కన పెట్టింది, ఉంది. దాని మంచి ముక్క తీసి, జరీ అంచు పైకి వచ్చేలా, లోపల అస్తరు వేసి కుట్టాను. వెనక తీగలు రావడానికి చీలిక పెట్టాను. ముందు ఆన్ చేసే బటన్ ఉన్నచోట, కవరు తీసే పని లేకుండా, చక్కగా కాజా తీశాను. చొక్కాలకి కూడా అంత శ్రద్ధగా కాజా కుట్టి ఉండను. ఇంకా మనసొప్పక, పెట్టెని షోకేసు కింది అరలోకి నెట్టాను. ఇక దుమ్ము ఎలా పడుతుందో చూద్దామనుకున్నాను.

దుమ్ము పడలేదు. కానీ రెండో రోజు, ఆయన ఎక్కడో వంతెన మీద పోతుండగా తెర నల్లగా అయిపోయింది. చప్పుడు కూడా ఆగింది.

నేను మిషను దగ్గర నుంచి తలెత్తేసరికి ఆయన చేతులు స్టీరింగు మీద నుంచి జారిపోయి ఉన్నాయి. మొహమంతా చెమట. నా వైపు తిరిగి, "నల్లగా... నాకా?" అన్నాడు.

ఆయన అడిగింది నాకు అర్థమైంది. ఆరిపోయింది తెరా, తనా అని అడుగుతున్నాడు.

"నీకు కాదయ్యా. కంప్యూటర్ ఆగిపోయింది. నాకూ నల్లగానే కనపడుతోంది, చూడు," అన్నాను. మా వైపు ఆడవాళ్ళం మొగుణ్ణి అయ్యా అనే పిలుస్తాం. ఆ పూట ఎన్నిసార్లు పిలిచానో.

మర్నాడు మళ్ళీ అలాగే అయింది. ఆ మర్నాడు కూడా. నాలుగోసారి కూర్చోమంటే కూర్చోలేదు. గోడ వైపు తిరిగాడు. కుడి చేతి వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోవడం మొదలైంది. ఫిజియోథెరపీ అమ్మాయి చూసి, "ఏమైందమ్మా, బాగా కోలుకుంటున్నారు గదా," అని మళ్ళీ బంతి తీసింది. ఆ బంతిని చూడగానే నాకు ఏడుపొచ్చింది. దాని కోసం ఇక మంచం కిందకి వంగలేననిపించింది.

అమ్మాయి మంగళగిరిలో ఒక పెళ్ళి పనిలో ఉంది. దాని కష్టం దానిది, అయినా ఫోన్ చేశాను.

"ప్లగ్గు లూజుగా ఉందేమో చూడమ్మా."

లూజుగా లేదు.

"ర్యామ్ తీసి రబ్బరుతో తుడువు. రెండు చివర్లా క్లిప్పులుంటాయి, నొక్కితే పైకొస్తుంది. బంగారు రంగు అంచు మీద పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, టక్ మనేదాకా నొక్కి పెట్టు."

నేను కవరు తీసి, పెట్టెని అరలోంచి బయటికి లాగి, గాజు పలక విప్పి, ఆ పని చేశాను. గుడ్డ మీద సుద్ద గీసే వేళ్ళతో ర్యామ్ పుల్లలు ఊడదీసి తుడిచాను. ఎస్సెంపీఎస్ నుంచి వచ్చే తీగలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూశాను. గ్రాఫిక్స్ కార్డు కదలకుండా ఉందో లేదో చూశాను. ఆన్ చేసి, నేనే స్టీరింగు పట్టుకుని, గుంటల్లోకి చెట్లలోకి పోనిస్తూ గంటసేపు నడిపాను. ఆగలేదు.

"బాగైపోయింది," అని అమ్మాయికి చెప్పి, పలక బిగించి, అరలో పెట్టి, కవరు వేసి, ఆయన్ని బతిమాలి కూర్చోబెట్టాను. కాసేపటికి ఆగిపోయింది. అప్పుడు ఆయన నా వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. నువ్వు కూడా నన్ను మోసం చేశావా అన్నట్టు చూశాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. విప్పితే నడుస్తుంది, మూస్తే ఆగుతుంది. నేను నడిపితే బాగుంటుంది, ఆయన నడిపితే చస్తుంది. అది మా మీద కక్ష కట్టిందనుకున్నాను. మళ్ళీ విప్పాను, మళ్ళీ తుడిచాను, మళ్ళీ నడిచింది. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పకుండా పలక బిగించి, కవరు తొడిగి, జరీ అంచు సరిచేసి, స్కూలుకి పంపే పిల్లకి గౌను సర్దినట్టు నాలుగు వైపులా లాగి సర్దాను.

"తియ్," అన్నాడు ఆయన వెనక నుంచి.

తిరిగి చూశాను. మంచం మీద లేచి కూర్చున్నాడు. కుడి చెయ్యి ఎత్తి చూపిస్తున్నాడు. ఎడమది కాదు, కుడిది.

"ఏం తియ్యాలి?"

"గోనె. రేడియేటర్... మీద... గోనె."

నేను కవరు కింద చెయ్యి పెట్టాను. అప్పుడే కాసేపు నడిపి ఆపానేమో, లోపల ఇస్త్రీ పెట్టెలా కాగుతోంది. బండి రేడియేటర్ మీద గోనెపట్టా కప్పి హౌరా పంపిన దాన్ని నేనే అని అప్పుడు అర్థమైంది. అది చాలదన్నట్టు, అస్తరు కూడా వేశాను.

అమ్మాయికి ఫోన్ చేసి చెబితే నవ్వింది. నవ్వి నవ్వి, అటు పక్క ఎవరో పిలుస్తుంటే కూడా నవ్వింది.

"అమ్మా, ఆ ఫ్యాన్లు ముందు నుంచి గాలి పీల్చుకుని వెనక నుంచి వేడి వదలాలి. ఆరోజు చెప్పాను గదా. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ పని చేసేకొద్దీ కాగుతాయి. మరీ కాగితే తనంతట తనే ఆగిపోతుంది. కాలిపోకుండా."

"ఆగిపోవడం రోగం కాదా అయితే?"

"కాదమ్మా. ఆగింది కాబట్టే బతికింది. ఆగకపోతే మసైపోయేది."

స్పీకరు ఆన్‌లో ఉంది. ఆ మాట ఆయన కూడా విన్నాడు.

పెట్టెని అరలోంచి తీసి, బల్ల మీద గాలి ఆడేచోట పెట్టాను. దుమ్ము పడుతుంది. పడనీ, రోజూ తుడుచుకుంటాను. కవరు విప్పదీసి, అస్తరు ఊడదీసి, వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డ చేశాను. కాజా మాత్రం అలాగే ఉంది.

ఆయన వెంటనే కూర్చోలేదు. రెండు రోజులు దూరం నుంచే చూశాడు. మూడో రోజు మధ్యాహ్నం భోజనమయ్యాక తనే బల్ల పట్టుకుని కుర్చీలోకి వాలాడు. ఎడమ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని చేత్తో తట్టి, "ఎక్కు," అన్నాడు.

అది క్లీనర్ సీటు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన లారీ నేనెప్పుడూ ఎక్కలేదు. చేపల లోడుతో ఆడవాళ్ళు ఎక్కడికి పోతారు?

"నాకు ఫాల్ ఉందయ్యా, సాయంత్రానికి ఇవ్వాలి."

"ఎక్కు."

ఒక్క నిమిషమని కూర్చున్నాను. లారీ బయల్దేరింది. ఇంజను చప్పుడు సన్నగా, ఒకే తీరున వస్తోంది. రోడ్డు రెండు పక్కలా పొలాలు వెనక్కి పోతున్నాయి. పక్కన పెట్టె వెనక నుంచి వెచ్చటి గాలి నా మోచేతికి తగులుతోంది. నేను ఏ పనీ చెయ్యకుండా కూర్చుని ఎంత కాలమైందో. తల పక్కనున్న బీరువాకి ఆనించాను.

మెలకువ వచ్చేసరికి చప్పుడు లేదు. ఆగిపోయింది, మళ్ళీ ఆగిపోయింది అనుకుంటూ ఉలిక్కిపడి లేచాను. ఆయన మొహం చూడటానికి భయమేసి ముందు తెర చూశాను. నల్లగా లేదు. లారీ రోడ్డు పక్కన నిలబడి ఉంది. పార్కింగ్ లైట్లు వెలిగి ఆరుతున్నాయి. పక్క నుంచి బండ్లు పోతున్నాయి. ఆయన చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని నన్ను చూస్తూ కూర్చుని ఉన్నాడు.

"ఏమయ్యా, ఆగిపోయిందా?"

"ఆపా."

"ఎందుకు?"

"చప్పుడు. నువ్వు... నిద్ర."

నేను చెంగు సర్దుకుని కసిరాను. "లోడు మీదుండి బండి ఆపుతారా ఎవరన్నా? ఐసు కరిగిపోదూ?"

ఆయన మాట కోసం వెతుక్కున్నాడు. నేను అందించలేదు, ఎంతసేపైనా సరే అని ఎదురు చూశాను.

"కరగనీ," అన్నాడు.